పరాయి సొమ్ము, సొంత బాధ్యత

డొక్కా సీతమ్మగారి స్మృతిలో అమలాపురంలో చేసిన ప్రసంగ పాఠం



సీతమ్మగారి పేరిట జరిగే సభలో సేవాసంస్థల పాలన గురించి, కార్యవర్గ సభ్యుల బాధ్యత గురించి మాట్లాడమన్నారు. మాట్లాడటానికి కూర్చోగానే ఒక చిక్కు ఎదురైంది. సీతమ్మగారికి కార్యవర్గం లేదు, కోశాధికారి లేడు. ఆవిడ రసీదు పుస్తకం వేయించలేదు, ఆడిట్ చేయించలేదు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చి, 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టారు. ఏరు దాటి వచ్చిన బాటసారికి, వరదలో చిక్కుకున్న లంకవాసికి ఆ ఇల్లే సత్రం. అటువంటి మనిషి పేరు చెప్పి కోరం, తీర్మానం, జమాఖర్చు అని మాట్లాడటం సబబేనా?

సబబే అని నా నమ్మకం. సీతమ్మగారు పెట్టింది తన ఇంటి తిండి. తన పొలం పంట, తన గాదె, తన రెక్కల కష్టం. దానికి ఆవిడ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. మనం నడిపే సంస్థల్లో మన సొంతం ఎంత? ఒక వంతు చందాదారుడిది. ఒక వంతు డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ఊరివాళ్లది. ఒక వంతు ఏదో కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద ఇచ్చిన నిధి. దాతకు పన్ను మినహాయింపు దొరికితే అందులో కొంత ప్రజలందరిదీ. పరాయి సొమ్ముతో అన్నం పెట్టేవాడికి సీతమ్మగారి ఔదార్యం ఉండవచ్చు, ఉండాలి కూడా. ఆవిడకున్న స్వేచ్ఛ మాత్రం అతనికి లేదు. ఈ పూట నేను చెప్పేదంతా ఆ ఒక్క తేడాలోంచి పుట్టిందే.

అంతర్వేది దారి

అయినా పాలన గురించి ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది ఒకటి ఉంది. సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారనీ, దారిలో ఆకలితో నకనకలాడుతున్న కొందరు "ఇంకాసేపట్లో గన్నవరం చేరితే సీతమ్మగారి ఇంట్లో అన్నం దొరుకుతుంది" అనుకోవడం చెవిన పడిందనీ, ఆవిడ వెంటనే పల్లకి వెనక్కి తిప్పించారనీ మన పెద్దలు చెబుతారు. ఈ కథను మనం భక్తిగా చెప్పుకుంటాం. సంస్థల భాషలో చూస్తే ఇది ఇంకోలా కనిపిస్తుంది. ఒకవైపు తనకు దక్కే పుణ్యం, ఇంకోవైపు తన గుమ్మానికి రాబోతున్న ఆకలి. రెండూ ఒకే పూట ఎదురుపడ్డాయి. తనకు దక్కేదాన్ని వదులుకున్నారు.

కార్యవర్గ సభ్యుడికి ఇటువంటి సందర్భాలు తరచూ వస్తాయి. హాస్టలుకు బియ్యం తమ్ముడి మిల్లు నుంచి తెప్పించాలా? కొత్త భవనం తన స్థలం పక్కన కడితే స్థలం ధర పెరుగుతుంది, అక్కడే కట్టమనాలా? ఖాళీ అయిన ఉద్యోగానికి మేనకోడలి పేరు చెప్పాలా? తమ్ముడి మిల్లులో బియ్యం నిజంగానే చవకా, మంచివీ కావచ్చు. కొనడం తప్పని నేను అనను. ఆ సభ్యుడు ముందుగా తన సంబంధం నోటితో చెప్పాలి, చర్చ జరిగేటప్పుడు లేచి బయటికి వెళ్లాలి, మరో రెండు కొటేషన్లు తెప్పించాలి, ఇదంతా మినిట్స్‌లో రాయాలి. ఈ నాలుగూ జరిగితే అతని పరువుకు రక్ష. జరగకపోతే రేపు బియ్యం ఎంత మంచివైనా ఊరు నమ్మదు.

సంతకాల పుస్తకం

చట్టం మన నుంచి అడిగేది పెద్దగా ఏమీ లేదు. ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి సొసైటీల చట్టం చాలాకాలం నడిచింది. దాని స్థానంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఏడుగురు కలిసి ఆశయపత్రం, నిబంధనావళి రాసుకుని రిజిస్టర్ చేయించుకుంటే సొసైటీ పుడుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు ఆడిట్ చేయించి సభ్యుల ముందు పెట్టాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. కీచులాట వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లడానికి 23వ సెక్షన్ దారి చూపిస్తుంది. సొసైటీని మూసేస్తే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. పరాయి సొమ్ము అన్న మాటను చట్టం చెప్పే తీరు ఇది.

కాగితం మీద ఇంత తేలికైనది ఊళ్లలో ఎలా జరుగుతోందో మీకు తెలుసు. సమావేశం జరగదు. మార్చి నెలాఖరున ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద మినిట్స్ పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. "ఇక్కడండి, ఇక్కడండి" అని వేలు పెట్టి చూపిస్తాడు. మనం కాఫీ ఇచ్చి, పైన ఏం రాసి ఉందో చదవకుండా సంతకం చేసి పంపిస్తాం. ఆ సంతకంతో మనం ఒక అప్పుకో, ఒక లీజుకో, ఒక ఖాతా తెరవడానికో ఒప్పుకున్నాం. రేపు నోటీసు వస్తే "నాకు తెలియదండి" అంటే చెల్లదు. పుస్తకంలో మనం హాజరైనట్టు ఉంది.

సమావేశం జరిగినచోట మరో జబ్బు. వంటగదిలో ఉల్లిపాయల ధర మీద గంటసేపు చర్చ, ఆడిట్ నివేదిక మీద అర నిమిషం. ఉల్లిపాయల సంగతి అందరికీ తెలుసు కాబట్టి అందరూ మాట్లాడతారు. ఆడిట్ నివేదికలో "నిర్దిష్ట నిధి నుంచి సాధారణ ఖర్చులకు బదిలీ" అన్న వాక్యం ఉంటే, దాని అర్థమేమిటని అడగడానికి సిగ్గు. ఆ వాక్యం చెప్పేది ఏమిటంటే, పిల్లల స్కాలర్‌షిప్‌ల కోసం ఇచ్చిన డబ్బుతో జీతాలు ఇచ్చారని. రోజువారీ వంట చూసుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఉన్నాడు. అతని పనిలో వేలు పెట్టకుండా, డబ్బు దేనికిచ్చారో దానికే పోయిందా అని చూడటం కార్యవర్గం పని.

మొహమాటం ఖరీదు

ఇదంతా మనకు తెలియక జరుగుతోందా? నా అభిప్రాయంలో తెలివికి లోటు లేదు. కోనసీమలో అందరూ అందరికీ చుట్టాలో, ఒకే బడిలో చదువుకున్న స్నేహితులో, గట్టు పక్క రైతులో అవుతారు. మన మర్యాద నలుగురూ చెప్పుకునేది. ఆ మర్యాదే సంస్థల్లో మన చేతులు కట్టేస్తోంది. కోశాధికారిగారిని బ్యాంకు పాస్‌బుక్కు చూపించమంటే "ఏం, నా మీద నమ్మకం లేదా?" అన్న మాట వస్తుందేమోనని భయం. అధ్యక్షులవారు పెద్దవారు, మన నాన్నగారి ఈడువారు, వారిని ఎలా అడుగుతాం? అడగం. అడగనందుకు మనల్ని మంచివాళ్లంటారు.

ఈ మొహమాటం వల్ల మొదట నష్టపోయేది నిజాయతీపరుడైన కోశాధికారి. ఎవరూ లెక్క అడగని చోట పదేళ్లు పైసా తేడా లేకుండా పనిచేసినా, పదకొండో ఏట ఒక పుకారు పుడితే ఆయన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మూడు నెలలకోసారి లెక్క చదివి వినిపించి సభ్యుల సంతకాలు తీసుకున్న మనిషి ఆ పుకారుకు ఒక్క పుస్తకంతో జవాబు చెబుతాడు. అందుకని లెక్క అడగడం ఫలానావారి మీద అనుమానం కింద కాకుండా, అందరికీ వర్తించే రివాజుగా ఉండాలి. ఎజెండాలో మొదటి అంశం ఎప్పుడూ జమాఖర్చులే అయితే ఎవరూ ఎవరినీ ప్రత్యేకంగా అడిగినట్టు కాదు. నిబంధన అడుగుతుంది, మనిషి అడగనక్కర్లేదు.

పెద్ద పేర్లు, ఆగని బండి

ప్రముఖుల్ని కార్యవర్గంలో వేసుకుంటే సంస్థ దానంతటదే బాగుంటుందని మరో నమ్మకం. ఇది తప్పని మన తెలుగు నేల మీదే రుజువైంది. సత్యం కంప్యూటర్స్ సేవాసంస్థ కాదు, కంపెనీ. అయినా బోర్డు అంటే ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు ఉన్నారు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసినవారు ఉన్నారు. ఆ కంపెనీ మంచి పాలనకు 2008లోనే గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకుంది. అదే ఏడాది డిసెంబరు 16న, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థల్ని 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆ బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది. మదుపరులు గగ్గోలు పెట్టడంతో గంటల్లో వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కలే తప్పుడువని చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఏకగ్రీవం అన్న మాట వినగానే మనం చప్పట్లు కొడతాం. అంతమంది విజ్ఞుల్లో ఒక్కరైనా కాదని ఎందుకు అనలేదని ఆ రోజు అడగవలసి వచ్చింది.

ఈ కథకు రెండో సగం ఉంది, మనకు కావలసింది అదే. 108 అంబులెన్సు సేవను 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలుపెట్టింది ఈఎంఆర్ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ. దాన్ని స్థాపించింది ఈ రామలింగరాజుగారే. ఆయన జైలుకు వెళ్లినప్పుడు 108 గతేమిటని రాష్ట్రమంతా కంగారుపడింది. బండి ఆగలేదు. ఆయన తప్పుకున్నారు, కొన్ని నెలల్లో జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. ఎందుకు నిలబడింది? ఈఎంఆర్ఐ విడిగా రిజిస్టరైన సంస్థ. ప్రభుత్వంతో రాతపూర్వకమైన ఒప్పందం ఉంది. నడిపే ఖర్చులో అధికభాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది. రోజూ ఫోను ఎత్తి బండి పంపే పద్ధతి, దాన్ని నడిపే జట్టు ఏ ఒక్కరి మీదా ఆధారపడి లేవు. స్థాపకుడు కూలినా సంస్థ కూలకుండా ఉండటానికి కావలసినవి ఇవే. మన ఊరి సంస్థలో అధ్యక్షులవారు రేపు మంచాన పడితే ఎల్లుండి పిల్లలకు అన్నం ఎవరు పెడతారో చెప్పగలమా? చెప్పలేకపోతే మనకున్నది ఇంకా ఒక మంచి మనిషి మాత్రమే. సంస్థ ఇంకా తయారు కాలేదు.

సముద్రం దాటినా

చదువుకున్నవాళ్లు, పద్ధతులు తెలిసిన దేశంలో ఉన్నవాళ్లు ఇలాంటి పొరపాట్లు చేయరనుకుంటే, ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) సంగతి చూడండి. 1977లో పుట్టిన సంఘం అది. అక్కడి తెలుగువారి పెద్ద సంఘాల్లో ఒకటి, మన జిల్లాల్లో బడులకూ వైద్య శిబిరాలకూ చేయూతనిచ్చింది. 2024 చివర్లో తానా ఫౌండేషన్ ఖాతాల నుంచి 36 లక్షల డాలర్లకు పైగా సొమ్ము దారి మళ్లిందన్న విషయం బయటపడింది. ఫౌండేషన్ కోశాధికారిగా పనిచేసిన వ్యక్తి మీద ఆరోపణ వచ్చింది. ఎవరి తప్పు ఎంతో తేల్చడం మన పని కాదు. మనం నేర్చుకోవలసింది చిన్న విషయం. చెక్కు మీద సంతకం చేసే మనిషి వేరు, బ్యాంకు స్టేట్‌మెంటును పుస్తకంతో పోల్చి చూసే మనిషి వేరు అయి ఉండాలి. స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి నేరుగా ఆ రెండో మనిషికి రావాలి. ఆన్‌లైన్ బదిలీకి ఇద్దరి ఆమోదం ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు. ఈ ఏర్పాట్లకు పైసా ఖర్చు లేదు.

విదేశీ నిధులు తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం. 2010 నాటి విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించాక, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. వచ్చిన నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కంపెనీల సీఎస్సార్ డబ్బు కావాలంటే 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు తప్పనిసరి. చమురు, గ్యాస్ కంపెనీలు తవ్వుకుంటున్న సీమ మనది. ఆ నిధులు మన సంస్థల దాకా వస్తాయి, వాటితోపాటు ఈ నియమాలూ వస్తాయి. చిన్న సంస్థలకు ఇది మోయలేని బరువన్న మాట నిజం. 20 శాతం పరిమితి వల్ల మంచి అకౌంటెంటును పెట్టుకోవడమే కష్టమైందన్న ఫిర్యాదులోనూ న్యాయం ఉంది. ప్రభుత్వంతో ఆ వాదన చేద్దాం. అది తేలేదాకా గడువులు తప్పకుండా చూసుకోవడం మాత్రం కార్యవర్గం బాధ్యతే.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. 1996 నవంబరు 6 తుఫాను ఈ సభలో చాలామందికి గుర్తుంటుంది. కొబ్బరి తోటలు నేలమట్టమై, తీరగ్రామాలు కన్నీళ్లు పెట్టుకున్న ఆ రోజుల్లో కోరం కోసం ఎవరూ ఎదురుచూడలేరు, చూడకూడదు కూడా. దానికీ ముందే నియమం రాసుకోవచ్చు. విపత్తు వస్తే అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి ఫలానా మొత్తం దాకా వెంటనే ఖర్చు చేయవచ్చు, 15 రోజుల్లో బిల్లులతో సహా కార్యవర్గం ముందు పెట్టాలి అని. నియమం ఉన్నచోట వేగం తగ్గదు. నియమం లేనిచోట తుఫాను పేరు చెప్పి ఏళ్ల తరబడి లెక్కలు రావు.

కుర్చీ ఎవరిది

స్థాపకుల తరవాత ఎవరన్నది మరో ముడి. విజయనగరంలో పి.వి.జి. రాజుగారు 1958లో తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి, విద్యాసంస్థలకు తన ఆస్తి రాసిచ్చారు. ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లలో మొదటి పట్టా ఆ కళాశాలల నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. 2016లో, చైర్మన్‌గా ఉన్న ఆయన పెద్ద కుమారుడు ఆనంద గజపతిరాజు మరణించాక తమ్ముడు అశోక్ గజపతిరాజు చైర్మన్ అయ్యారు. 2020 మార్చిలో ప్రభుత్వం ఆయన స్థానంలో ఆనంద గజపతిరాజు కుమార్తె సంచయితను నియమించింది. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసి అశోక్ గజపతిరాజును తిరిగి చైర్మన్‌ను చేసింది. ఎవరు అర్హులన్న చర్చలోకి నేను వెళ్లను. అంత గొప్ప దానం గురించి రాష్ట్రం మాట్లాడుకున్నది కుర్చీ గురించే. ఆ 15 నెలల్లో తరగతి గదుల సంగతి వెనక్కి పోయింది. తరవాతి మనిషిని ఎంచుకునే పద్ధతి ఎంత స్పష్టంగా ఉంటే విద్యార్థులకు అంత మేలు. మన చిన్న సంస్థల్లో దీనికి మందు సులువు. ఒకరు ఒక పదవిలో వరుసగా ఎన్నేళ్లు ఉండవచ్చో నిబంధనావళిలో రాయండి. దిగిపోయిన పెద్దవారిని సలహాదారుగా గౌరవించండి, చెక్కు పవరు మాత్రం అప్పగించమనండి.

కుర్చీల్లో కూర్చునేవారు ఎవరన్నది కూడా చూసుకోవాలి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద ఈ అమలాపురం వీధుల్లో జరిగిన విధ్వంసం మనం చూశాం. ఆ గాయం గురించి సేవాసంస్థలు తమకు తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. మన లబ్ధిదారుల్లో అన్ని పేటలవారూ ఉన్నారు. మన కార్యవర్గంలో ఎన్ని పేటలవారు ఉన్నారు? ఒకే కులం, ఒకే వీధి, ఒకే వయసు మగవాళ్లు కూర్చుని, మత్స్యకారుల పల్లెకు ఏం కావాలో నిర్ణయించడం ఇకనైనా ఆపాలి. హాస్టలు పిల్ల తల్లి ఒకరు కార్యవర్గంలో ఉంటే, పప్పు నీళ్లగా ఉందన్న సంగతి ఏ ఆడిటరూ చెప్పకముందే తెలుస్తుంది.

పైన వదిలినది చివరిదాకా చేరిందో లేదో శివారుకు వెళ్తేనే తెలుస్తుందన్నది మన రైతులకు బాగా తెలిసిన సంగతి. ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు వదిలారన్న వార్త శివారు రైతుకు నీళ్లివ్వదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు పూడిపోయిన మురుగు కాలువల సంగతీ చెప్పారు. డబ్బు విడుదలైన చోట కూర్చుంటే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కార్యవర్గ సభ్యులు ఏడాదికి రెండుసార్లయినా చెప్పకుండా శివారుకు వెళ్లి, అక్కడి మనిషితో కూర్చుని మాట్లాడి రావాలి.

ఏం చేద్దాం

ముగించే ముందు ఇక్కడున్న సంస్థలను కోరేవి నాలుగు. వచ్చే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల్ని అచ్చు వేసి పంచండి, ఆపైన తెలుగులో గట్టిగా చదివి వినిపించండి. ప్రతి కార్యవర్గ సభ్యుడికీ నిబంధనావళి ప్రతి ఒకటి ఇవ్వండి. తమకూ తమ బంధువులకూ సంస్థతో ఉన్న లావాదేవీలు ఏటా రాసిచ్చే కాగితం ఒకటి పెట్టండి. మినిట్స్ పుస్తకం ఆఫీసు గడప దాటకూడదని తీర్మానించండి, సంతకం కావలసినవారు సమావేశానికే వస్తారు.

కార్యవర్గ సభ్యులకు ఒక మాట. మీలో చాలామంది సంస్థకు డబ్బు ఇచ్చారు, సమయం ఇచ్చారు, స్థలం ఇచ్చారు. అవన్నీ ఇతరులూ ఇవ్వగలరు. కుర్చీలో కూర్చున్నవారు మాత్రమే ఇవ్వగలిగినది ఇంకొకటి ఉంది. సమయానికి వేసిన ప్రశ్న, దానికి జవాబు దొరికేదాకా పట్టిన పట్టు. అందరూ సరే అన్నప్పుడు "నాకు అర్థం కాలేదండి, మళ్లీ చెప్పండి" అనే ఒక్క మనిషి సంస్థకు పెట్టని కోట.

యువకులకు, యువతులకు మరొక మాట. ఊరి సంస్థలు పాడైపోయాయని టీ కొట్టు దగ్గర మాట్లాడుకోవడం వల్ల అవి బాగుపడవు. సభ్యత్వ రుసుము కట్టండి, రసీదు తీసుకోండి. సర్వసభ్య సమావేశం తేదీ కనుక్కుని వెళ్లండి. పెద్దలకు నమస్కారం పెట్టి, ముందు వరుసలో కూర్చుని, ఆడిట్ నివేదికలో మూడో పేజీ గురించి అడగండి. మొదటి ఏడాది విసుక్కుంటారు. రెండో ఏడాది మీరు రాకముందే ఆ పేజీకి జవాబు సిద్ధం చేసుకుంటారు. మూడో ఏడాది మిమ్మల్నే కోశాధికారిగా ఉండమంటారు. ఒప్పుకోండి. ఒప్పుకున్న రోజునే, బ్యాంకు స్టేట్‌మెంటు మీతోపాటు ఇంకెవరికి వెళ్లాలో తీర్మానం రాయించండి.